మెదడు శస్త్రచికిత్సలో హస్తవాసి నమ్మకం: ఒక ఖండన

మెదడులోని రక్తనాళం ఉబ్బి పగిలిందని తెలిసినా, పుర్రె అడుగున చెవికీ మెదడుకాండానికీ నడుమ కణితి పెరిగిందని తేలినా, హైదరాబాదు పాతబస్తీ కుటుంబాల్లో వెంటనే మొదలయ్యే వెతుకులాట ఒక మనిషి కోసం సాగుతుంది. ఎవరి హస్తవాసి మంచిది, ఎవరు విదేశాల్లో చదివి వచ్చారు, ఏ పెద్దమనిషికి ఎవరు ఆపరేషన్ చేశారు అన్న వాకబు చార్మినార్ సందుల నుంచి జెడ్డా, షికాగోల్లోని బంధువుల ఫోన్ల దాకా పాకి, చివరకు రెండు మూడు పేర్ల దగ్గర ఆగుతుంది. ఆ పేర్లలో దొరికినవారి దగ్గరకు రోగిని చేర్చడంతో ఎంపిక పూర్తయిందని అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ఈ పద్ధతిలో చదువుకున్నవారికీ చదువుకోనివారికీ తేడా లేదు, పాతబస్తీకీ బంజారాహిల్స్‌కూ అసలే లేదు. శస్త్రచికిత్స ఫలితమంతా శస్త్రవైద్యుని చేతిలోనే ఉంటుందనీ, ఆ చేయి ఎలాంటిదో నలుగురి నోటా నానే పేరును బట్టి తెలిసిపోతుందనీ చెప్పే ఈ అభిప్రాయం సగం నిజం కావడం వల్లనే దాన్ని ఖండించడం కష్టం. చేతికి విలువ ఉంది. అయితే ఆ విలువను లెక్క పట్టిస్తుందే గాని పేరు పట్టించదు. పైగా ఈ రెండు రకాల జబ్బుల్లో చేయి చేసే పని మొత్తం చికిత్సలో ఒక భాగం మాత్రమే.

రక్తనాళాల సంగతి ముందు చూడాలి. మెదడు ధమని గోడ ఒకచోట బలహీనపడి బుడగలా ఉబ్బడాన్ని అన్యూరిజం అంటారు. పెద్దవారిలో సుమారు నూటికి ముగ్గురికి ఇలాంటి ఉబ్బు ఉంటుందనీ, వారిలో అత్యధికులు దాని సంగతి ఎన్నడూ తెలియకుండానే జీవితం గడిపేస్తారనీ పరిశోధనలు చెబుతున్నాయి. పగిలినప్పుడు మాత్రం రక్తం మెదడు పొరల మధ్యకు చిమ్ముతుంది. అంతకుముందు ఎన్నడూ ఎరగనంత తలనొప్పి క్షణాల్లో వస్తుంది. బీపీ పెరిగిందనో, పైత్యం చేసిందనో, మైగ్రేన్ అనో మాత్రలిచ్చి పంపేయడం వల్ల ఎందరికో మొదటి అవకాశం అక్కడే చేజారిపోతుంది. నొప్పి మొదలైన 6 గంటల లోపు తీసిన సీటీ స్కాన్‌ను అనుభవజ్ఞులు చదివితే ఈ రక్తస్రావం దాదాపు తప్పించుకోలేదు, గంటలు గడిచేకొద్దీ స్కాన్‌లో ఆ ఆనవాలు పలచబడుతుంది. ఒకసారి పగిలిన బుడగ మళ్లీ పగిలే ప్రమాదం మొదటి 24 గంటల్లోనే అన్నిటికన్నా ఎక్కువ. దాన్ని మూసేసిన తరువాత కూడా కథ ముగియదు: సుమారు నాలుగో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా మెదడు రక్తనాళాలు ముడుచుకుపోయి, బాగానే మాట్లాడుతున్న రోగికి ఉన్నట్టుండి ఒక చేయి పడిపోవచ్చు, మాట పోవచ్చు; ఇవి కాక మెదడులో నీరు నిలిచి స్పృహ తగ్గవచ్చు, రక్తంలో సోడియం పడిపోవచ్చు. నాళాలు ముడుచుకోవడం వల్ల వచ్చే ముప్పును కొంత తగ్గించే నిమోడిపిన్ అనే మందును 4 గంటలకొకసారి, అర్ధరాత్రి కూడా తప్పకుండా, 21 రోజులు ఇవ్వాలి. శస్త్రవైద్యుని చేయి పనిచేసేది కొన్ని గంటలు. మిగిలిన మూడు వారాలూ రోగి ప్రాణం రాత్రి డ్యూటీ నర్సు కంటిచూపు మీద, ఐసీయూలోని వైద్యుని మెలకువ మీద, తెల్లవారుజామున పిలిస్తే వచ్చే స్కాన్ సిబ్బంది మీద ఆధారపడి ఉంటుంది. హస్తవాసి గురించి వాకబు చేసేవారిలో ఎవరూ వీరి గురించి అడగరు.

ఆ కొన్ని గంటల పనికైనా ఒకే దారి ఉందని చెప్పలేము. 1937లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో వాల్టర్ డాండీ పుర్రె తెరిచి అన్యూరిజం మెడకు వెండి క్లిప్పు బిగించిన నాటి నుంచి, జ్యూరిచ్‌లో యాసార్గిల్ 1960ల చివర మైక్రోస్కోపు కింద ఈ విద్యను కొత్త ఎత్తుకు తీసుకెళ్లిన దాకా, ఈ రంగంలో కీర్తి అంతా చేతి నేర్పుదే. 1990ల మొదట్లో గుగ్లియెల్మీ అనే ఇటాలియన్ వైద్యుడు తొడ దగ్గరి ధమనిలోంచి సన్నటి గొట్టాన్ని మెదడు దాకా పంపి, ప్లాటినం తీగచుట్టలతో బుడగను లోపలి నుంచి నింపే కాయిలింగ్ పద్ధతిని తెచ్చాడు. రెండు పద్ధతుల్లో దేనికైనా తగిన రోగులను 2,143 మందిని ఎంచి, చీటీ తీసినట్టు రెండు వర్గాలుగా విడదీసి పోల్చిన ఐశాట్ అనే అంతర్జాతీయ పరిశోధన 2002లో వెలువడింది. ఏడాది తరువాత చనిపోయిన లేదా ఇతరుల మీద ఆధారపడిన స్థితిలో ఉన్నవారు క్లిప్పు వర్గంలో 30.6 శాతం, కాయిల్ వర్గంలో 23.7 శాతం. దీన్ని బట్టి క్లిప్పు పాతబడిందని తీర్మానించడం తొందరపాటు అవుతుంది. మెడ వెడల్పుగా ఉండి పక్క కొమ్మలు దాని నుంచే పుట్టే ఉబ్బుల్లో, ముఖ్యంగా మెదడు పక్కభాగాలకు రక్తం తీసుకెళ్లే ధమని చీలిక దగ్గర, క్లిప్పే మేలని చాలాసార్లు తేలుతుంది. కాయిల్ పెట్టినవి కొన్ని మళ్లీ తెరుచుకుంటాయి కూడా. అసలు విషయం ఏమిటంటే, ఏ రోగికి ఏది తగునో తేల్చడానికి రెండూ తెలిసినవారు ఒకే బల్ల దగ్గర కూర్చుని యాంజియో చిత్రాలు చూడాలి. క్లిప్పు మాత్రమే చేసే చేయి ఎంత గొప్పదైనా దానికి ప్రతి ఉబ్బూ క్లిప్పుకు తగినదిగానే కనిపిస్తుంది. కాయిల్ మాత్రమే చేసే చేతిదీ ఇదే జబ్బు. పేరు చూసి వెళ్లిన కుటుంబం, తనకు తెలియకుండానే, పద్ధతిని కూడా ఆ పేరుతో పాటే ఎంచుకుని వస్తుంది.

హస్తవాసి వాదంలో ఇంతకన్నా లోతైన పొరపాటు ఒకటుంది. ఆపరేషన్ జరిగి తీరాలనీ, ఇక తేలవలసింది ఎవరు చేయాలన్నదేననీ అది ముందుగానే అనుకుంటుంది. ధమనులూ సిరలూ సూక్ష్మనాళాల నడిమి వంతెన లేకుండా నేరుగా ముడిపడి పుట్టుకతోనే చిక్కుముడిగా ఏర్పడే ఏవీఎం అనే లోపం విషయంలో, ఇంకా పగలనివాటిని ఏం చేయాలన్న ప్రశ్నపై జరిగిన అరూబా అనే పరిశోధనను 2013లో మధ్యలోనే ఆపవలసి వచ్చింది. సుమారు 33 నెలల సగటు కాలంలో పక్షవాతం లేదా మరణం చికిత్స చేసిన వర్గంలో 30.7 శాతం, మందులతో కనిపెట్టుకుని ఉన్న వర్గంలో 10.1 శాతం. ఆ పరిశోధన కాలపరిమితి చిన్నదనీ, అందులోని చికిత్సల మేళవింపు సరైనది కాదనీ విమర్శలు ఉన్నాయి, వాటిలో పస కూడా ఉంది. అయినా చేయడం కన్నా చూస్తూ ఉండడం మేలైన సందర్భాలు ఉంటాయన్న సంగతిని అవి చెరపలేవు. అనుకోకుండా ఎమ్మారైలో బయటపడిన చిన్న అన్యూరిజం కథా ఇంతే. పుర్రె అడుగున పిట్యూటరీ గ్రంథిలో పెరిగే కణితుల్లో ప్రొలాక్టిన్ అనే హార్మోనును అతిగా విడుదల చేసే రకం, కంటినరం మీద ఒత్తిడి తెచ్చేంత పెద్దదైనా, కాబెర్గోలిన్ మాత్రలతోనే చాలామందిలో కుంచించుకుపోతుంది. ఒక్క రక్తపరీక్ష చేయించకుండా ఆ రోగిని ఆపరేషన్ బల్ల మీదకు చేర్చిన చేయి ఎంత నేర్పుగా కోసినా అది తప్పు చేయే. శస్త్రవైద్యుణ్ణి ఎంచుకోవడంలో అన్నిటికన్నా గట్టి పరీక్ష, ఆయన ఎంతమందిని ఆపరేషన్ లేకుండా ఇంటికి పంపుతారన్నది. అయితే కత్తి పట్టనందుకు పేరు వచ్చిన వైద్యుడు ఈ నగరంలో ఎవరైనా ఉన్నారా అన్నది సందేహమే.

పుర్రె అడుగు భాగం, అంటే మెదడు కూర్చున్న ఎముకల పీట, కన్ను, ముక్కు, చెవి, మెడ అన్నీ కలిసే కూడలి కాబట్టి అక్కడ ఒక్క చేతి పెత్తనం మొదటి నుంచీ సాగలేదు. 2021 వేసవిలో కరోనా రెండో ఉధృతి వెంట వచ్చిన మ్యూకర్‌మైకోసిస్, జనం నోట బ్లాక్ ఫంగస్, ఈ సంగతిని కోఠి వీధిలో అందరి కళ్లముందూ పెట్టింది. ముక్కు పక్క గదుల్లో మొదలై కంటిగూటిలోకీ, అక్కడి నుంచి పుర్రె అడుగును తొలిచి మెదడు దాకానూ పాకే ఆ శిలీంధ్రానికి కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రిని ప్రధాన కేంద్రంగా ప్రకటించారు. కరోనా ఇంకా వదలనివారిని గాంధీ ఆసుపత్రికి పంపారు. కంటి సమస్యలకు సరోజినీదేవి కంటి ఆసుపత్రి వైద్యుల సాయం తీసుకున్నారు. చచ్చిన కణజాలాన్ని గీకి తీసే ఈఎన్‌టీ సర్జన్, కన్ను ఉంచాలా తీయాలా తేల్చే నేత్రవైద్యుడు, చక్కెరను అదుపులో పెట్టే ఫిజీషియన్, మూత్రపిండాలు దెబ్బతినకుండా యాంఫోటెరిసిన్ మందును నడిపించేవారు, మెదడు పొర దాటి పాకితే న్యూరోసర్జన్. వీరిలో ఏ ఒక్కరు లేకపోయినా మిగిలినవారి నేర్పు వృథాయే. పాతబస్తీ నుంచి, జిల్లాల నుంచి వచ్చిన వేలాది కుటుంబాలు ఆ వేసవిలో ఏ మహానుభావుని పేరూ వెతకలేదు. పడక ఎక్కడ, మందు ఎక్కడ, బృందం ఎక్కడ అని వెతికాయి. గత్యంతరం లేక అడిగిన ప్రశ్నలే అయినా సరైన ప్రశ్నలు అవే.

చెవినరం మీద పెరిగే స్వానోమా అనే సాధు కణితి మరో ఉదాహరణ. చిన్నదైతే ఏటా స్కాన్ తీస్తూ కనిపెట్టవచ్చు, మధ్యస్థమైతే స్వీడన్‌కు చెందిన లెక్సెల్ 1960ల చివర రూపొందించిన గామా నైఫ్ వంటి సూక్ష్మ రేడియేషన్ ఇవ్వవచ్చు, మెదడుకాండాన్ని నొక్కుతుంటే కోసి తీయాలి. కోసినప్పుడు ముఖనరం దెబ్బతింటే నోరు వంకరపోతుంది, కన్ను మూతపడదు. అందుకే ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ ఆ నరం స్పందనను యంత్రంతో చూస్తూ ఉండేవారు, చెవి ఎముకను తొలిచే ఈఎన్‌టీ సర్జన్ పక్కనే ఉండాలి. పేరున్న సర్జన్ కణితిని పూర్తిగా తీసేశారన్న మాట ఇంట్లో గర్వంగా చెప్పుకుంటారు. ముఖనరాన్ని కాపాడడానికి కొంత కణితిని కావాలనే వదిలేసి మిగిలినదానికి రేడియేషన్ ఇప్పించిన సర్జన్‌ను మాత్రం, చేతకాక వదిలేశాడని అంటారు.

పేరు మీది ఈ నమ్మకం ఎంతటి నిజాయితీపరులనైనా ఎలా మోసం చేయగలదో చెప్పే చరిత్ర పాతబస్తీ గుమ్మంలోనే, నయాపూల్ దాటగానే వచ్చే అఫ్జల్‌గంజ్‌లో జరిగింది. 1880లలో హైదరాబాదు మెడికల్ స్కూలు ప్రిన్సిపాలుగా, రెసిడెన్సీ సర్జన్‌గా ఉన్న ఎడ్వర్డ్ లారీ అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో క్లోరోఫాం మత్తును వేలాదిమందికి ఇప్పించాడు. ఎడిన్‌బరోలో జేమ్స్ సైమ్ దగ్గర నేర్చుకున్న సంప్రదాయం ప్రకారం ఊపిరిని కనిపెట్టుకుని ఉంటే చాలు, నాడి చూడనక్కరలేదని అతని విశ్వాసం; క్లోరోఫాం నేరుగా గుండెను ఆపదనడానికి తన సుదీర్ఘ అనుభవమే సాక్ష్యం అన్నాడు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆర్థిక సాయంతో 1888లో మొదటి క్లోరోఫాం కమిషన్ జంతువుల మీద ప్రయోగాలు చేసి అతని మాటనే ఖాయం చేసింది. లండన్ నుంచి వచ్చే లాన్సెట్ పత్రిక ఒప్పుకోకపోతే, పరీక్షకుణ్ణి పంపడానికి నిజామే వెయ్యి పౌన్లు ఇచ్చాడు. 1889లో వచ్చిన లాడర్ బ్రంటన్ గుండె ఆగవచ్చన్న అభిప్రాయంతో వచ్చి, వందలాది జంతువులపై ప్రయోగాల తరువాత లారీ పక్షానికి మారాడు. ఒక సంస్థాన రాజధాని శాస్త్రలోకాన్నంతా తనవైపు చూసేలా చేసిన ఘనత అది, సందేహం లేదు. అయితే 1911లో గుడ్‌మన్ లెవీ అనే శాస్త్రవేత్త, మత్తు పలచగా ఉన్నప్పుడే క్లోరోఫాం వల్ల గుండె లయ తప్పి వణికి హఠాత్తుగా ఆగిపోగలదని పిల్లుల మీద నిరూపించాడు. కమిషన్ ప్రయోగాలు ప్రధానంగా మోతాదు మించినప్పుడు ఏమవుతుందో చూశాయి కాబట్టి ఆ అపాయం వాటి కంటపడలేదు.

లారీ చేయి చెడ్డదని ఎవరూ అనలేదు, అనలేరు. బయటివారు సరిచూడగల లెక్క లేకుండా తన ఫలితాలకు తానే సాక్షి కావడమే అతన్ని తప్పుదారి పట్టించింది. నేటి ఆసుపత్రుల ప్రకటన బోర్డుల మీద కనిపించే వేల ఆపరేషన్ల సంఖ్యలకూ అదే లోపం ఉంది: అందులో ఎన్ని అన్యూరిజాలు, ఎన్ని పగిలినవి, ముప్పై రోజులకు ఎందరు బతికున్నారు, ఎందరు తమంతట తాము నడుస్తున్నారు అన్నది ఆ బోర్డు చెప్పదు. నోటిమాట పేరూ అంతకన్నా మెరుగైనది కాదు, ఎందుకంటే బతికి బట్టకట్టినవారే పెళ్లిపందిళ్లలో డాక్టరు పేరు చెబుతారు; పోయినవారి ఇళ్లలో ఆ ప్రస్తావనే రాదు, వచ్చినా రాత అలా ఉందన్న మాటతో ముగుస్తుంది. ఇక ఆ పేరు మొదట ఎవరి నోటి నుంచి వచ్చిందో వెతికితే, కొన్నిసార్లు రోగిని పంపినందుకు వాటా పుచ్చుకునే మధ్యవర్తి దగ్గర తేలుతుంది. వైద్యుల నడవడికపై 2002లో వచ్చిన నిబంధనలు ఇలాంటి కమిషన్లను నిషేధించాయి. నిషేధించిన ప్రతిదీ ఆగిపోతుందని నమ్మేంత అమాయకులు పాతబస్తీలో లేరు.

అనుభవం లేని చేతికన్నా అనుభవం ఉన్న చేయి మేలు కాదా అని హస్తవాసి వాదులు అడుగుతారు. నిస్సందేహంగా మేలే, అందుకు ఆధారాలూ ఉన్నాయి. అయితే ఆ ఆధారాలు చెప్పేది ఆసుపత్రుల గురించి. ఇలాంటి రక్తస్రావం కేసులు ఏడాదికి 10 కన్నా తక్కువ చూసే ఆసుపత్రులు, 35 కన్నా ఎక్కువ చూసే కేంద్రాలకు రోగిని త్వరగా పంపే విషయం ఆలోచించాలని అమెరికా గుండె, పక్షవాత సంఘాలు 2012లో సూచించాయి. ఆ కేంద్రంలో అనుభవం గల రక్తనాళ శస్త్రవైద్యులు, గొట్టం పద్ధతి నిపుణులు, మెదడు రోగులకు ప్రత్యేక ఐసీయూ మూడూ ఉండాలన్నాయి. వారంలో ఒక పూట వచ్చి ఆపరేషన్ చేసి మరో ఆసుపత్రికి వెళ్లిపోయే ప్రసిద్ధుని అనుభవం ఆయనతోపాటే కారెక్కి వెళ్లిపోతుంది, ఆ రాత్రి రోగి దగ్గర మిగలదు.

అత్యవసరంలో ఈ తేడా ప్రాణం మీదికి వస్తుంది. రక్తస్రావమైన రోగిని సమీపంలోని ఉస్మానియా జనరల్ ఆసుపత్రికో, వసతులున్న మరో కేంద్రానికో చేర్చి స్కాన్ తీయించి బీపీ అదుపు చేయించవలసిన గంటల్లో, ఫలానా పెద్ద డాక్టరు అపాయింట్‌మెంట్ కోసం ఇంట్లోనే ఉంచడం, లేదా పేరును వెంబడిస్తూ మూడు ఆసుపత్రులు తిప్పడం, బుడగ రెండోసారి పగలడానికి సమయం ఇవ్వడమే. బోధనాసుపత్రిలో విద్యార్థులే ఆపరేషన్ చేస్తారన్న భయం అర్థం లేనిదని అనలేము. ఎవరు పర్యవేక్షిస్తారో అడిగి తెలుసుకోవలసిందే. అయితే రాత్రి రెండు గంటలకు మెలకువగా ఉండేది కూడా ఆ విద్యార్థులే.

పగలని ఉబ్బుకూ, నెమ్మదిగా పెరిగే కణితికీ వ్యవధి ఉంటుంది, ప్రశ్నలు అడగవచ్చు. చికిత్సకు ముందు దాని స్వభావం, ప్రయోజనం, ప్రత్యామ్నాయాలు, ముఖ్యమైన అపాయాలు, నిరాకరిస్తే కలిగే పరిణామాలు రోగికి తెలియజేసి తీసుకున్నదే అంగీకారమని సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు 2008లోనే స్పష్టం చేసింది. అడిగిన 72 గంటల్లో వైద్యరికార్డుల ప్రతులు ఇవ్వాలని పైన చెప్పిన 2002 నిబంధనలు ఆదేశిస్తున్నాయి. కాబట్టి యాంజియో సీడీ తీసుకుని రెండో అభిప్రాయానికి వెళ్లడం డాక్టరును అవమానించడం కాదు. ఈ రకం ఆపరేషన్లు ఇక్కడ గత ఏడాది ఎన్ని జరిగాయి, గొట్టం పద్ధతి నిపుణులు ఈ చిత్రాలు చూశారా, చేయకుండా ఉంటే ఏమవుతుంది, ముఖనరం దెబ్బతినే అవకాశం ఇతరుల పుస్తకాల్లో కాదు ఇక్కడి రోగుల్లో ఎంత అని అడిగినప్పుడు విసుక్కునే శస్త్రవైద్యుణ్ణి, ఆయన పేరు ఎంత పెద్దదైనా, వదిలి రావచ్చు.

అయితే ప్రశ్నలు అడిగే భారమంతా ఇంటివారి మీదే వేయడం న్యాయం కాదు. ఫలితాల లెక్కలు ఆసుపత్రులు బయటపెట్టనంత కాలం జనం పేరును పట్టుకుని వేలాడక ఏం చేస్తారు? 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలై, 2023 డిసెంబరులో తెలంగాణలో 10 లక్షల రూపాయల పరిమితికి పెరిగిన ఆరోగ్యశ్రీ పథకం కింద ముందస్తు అనుమతితో జరిగే ప్రతి ఆపరేషన్‌కూ పథకాన్ని నడిపే ట్రస్టు దగ్గర పత్రాలు ఉంటాయి. పథకం బయట డబ్బు కట్టేవారి సంగతి అందులో ఉండదు, నిజమే. మొదలుపెట్టడానికి ఉన్నది చాలు. న్యూయార్క్ రాష్ట్రం గుండె బైపాస్ ఆపరేషన్ల మరణాలను రోగి పరిస్థితిని బట్టి సవరించి ఆసుపత్రుల వారీగా 1990లోనే ప్రకటించింది. అలా చేస్తే సర్జన్లు క్లిష్టమైన కేసులను ముట్టుకోరన్న అభ్యంతరం అక్కడా వచ్చింది, అది తోసిపుచ్చదగినది కాదు. కానీ మెదడు రక్తస్రావానికి, రోగి వచ్చినప్పటి స్పృహను అయిదు తరగతులుగా విభజించే హంట్, హెస్ కొలమానం 1968 నుంచే వాడుకలో ఉంది. కోమాలో వచ్చినవారిని నడిచి వచ్చినవారితో కలిపి లెక్కించనక్కరలేదు. ఉస్మానియాకు గోషామహల్‌లో కొత్త భవనం కోసం 2025 జనవరి 31న శంకుస్థాపన జరిగింది. అక్కడ ఎన్ని అంతస్తులు లేస్తాయన్న చర్చతో పాటు, అక్కడా, పథకంలో ఉన్న ప్రతి ప్రైవేటు ఆసుపత్రిలోనూ అన్యూరిజం రోగులు ఏ తరగతిలో వచ్చి మూడు నెలలకు ఏ స్థితిలో ఉన్నారో ఏటా అచ్చు వేయాలన్న షరతు కూడా పెట్టవచ్చు. ఆ పట్టికలో శస్త్రవైద్యుల పేర్లు లేకపోయినా నష్టం లేదు. రోగి ఇంటివారికి కావలసింది ఆసుపత్రి పేరు, దాని ఎదురుగా ఆ రెండు అంకెలు.